వందలో ఎనభై మందే: రోమన్ సైన్యంపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో పెద్ద కట్ట రోమన్ సైన్యం గురించే. రాసినవాళ్లలో ఎక్కువమంది విద్యార్థులు. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒక్కరి ఉత్తరమే వేశాం. అంకెలు వచ్చిన ప్రతిచోటా ఆ లెక్క ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చెప్పాం.

సెంచురియన్ అంటే వందమంది మీద అధికారి అని చదివాను. లీజియన్‌కు (రోమన్ సైన్యంలో పెద్ద దళం) 60 సెంచురీలు అన్నారు కాబట్టి 6,000 మంది ఉండాలి కదా? ఒక పుస్తకంలో 4,200, ఇంకోదాంట్లో 4,800, మరోచోట 5,500 అని ఉంది. దేన్ని నమ్మాలి?
– ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి, నల్గొండ

మీరు చదివిన మూడు అంకెల్లో ఏదీ తప్పు కాదు. అవి వేర్వేరు కాలాలవి. ముందు ఏ శతాబ్దపు లీజియన్ గురించి చెబుతున్నారో చూసుకుంటే చిక్కు విడిపోతుంది.

4,200 అనేది క్రీ.పూ. రెండో శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ ఇచ్చిన లెక్క. తేలిక ఆయుధాలు పట్టే కుర్రవాళ్లు, అంటే వెలైట్లు, 1,200 మంది. ముందు వరుసలో హస్తాతీ 1,200, వెనక ప్రింకిపెస్ 1,200, అందరికన్నా వెనక అనుభవం పండిన ట్రియారీ 600. వీళ్లకు తోడు గుర్రపు దళం 300.

చక్రవర్తుల కాలానికి వచ్చేసరికి లెక్క డేరాతో మొదలవుతుంది. ఒక డేరాలో 8 మంది. దాన్ని కాంటుబెర్నియం అంటారు. పది డేరాలు కలిస్తే ఒక సెంచురీ, అంటే 80 మంది. పేరులో వంద ఉన్నా మనుషులు ఎనభైమందే. ఆరు సెంచురీలు ఒక కోహోర్ట్, 480 మంది. పది కోహోర్టులు ఒక లీజియన్, 4,800 మంది. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర్లో కొన్ని లీజియన్లలో మొదటి కోహోర్టును పెంచారు. అందులో ఆరు సెంచురీలకు బదులు ఐదే ఉన్నా, ఒక్కొక్కటీ రెట్టింపు: 5 × 160 = 800. మిగిలిన తొమ్మిది కోహోర్టుల 4,320 కలిపితే 5,120. యూదు చరిత్రకారుడు జోసీఫస్ చెప్పిన 120 మంది రౌతులను చేరిస్తే 5,240. అధికారులనూ జెండాలు మోసేవాళ్లనూ కూడా కలిపి కొందరు 5,500 అని గుండ్రంగా రాస్తారు. పెద్ద మొదటి కోహోర్టుకు మంచి ఆధారం స్కాట్లాండులోని ఇంచ్‌టుథిల్ కోట పునాదుల్లో దొరికింది. దాన్ని అన్ని కాలాలకూ అన్ని లీజియన్లకూ అంటగట్టకూడదు.

అయితే ఇదంతా కాగితం మీది బలం. అసలు బలం ఎంతుండేదో తెలియాలంటే ఉత్తర ఇంగ్లండులోని విండోలాండా కోటకు వెళ్లాలి. 1973 నుంచి అక్కడ పలుచటి చెక్క రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు, లెక్కలు బయటపడుతున్నాయి. వాటిలో ఒకటి మొదటి టుంగ్రియన్ కోహోర్టు బల నివేదిక, తేదీ మే 18. ఇది లీజియన్ కాదు, సహాయక దళం. మొత్తం బలం 752, సెంచురియన్లు ఆరుగురు. అందులో 456 మంది కోటలోనే లేరు. 337 మంది కోరియా అనే దగ్గరి కోటలో (ఇప్పటి కార్‌బ్రిడ్జ్), 46 మంది గవర్నరు తరపు అంగరక్షక దళంలో, మిగిలినవాళ్లు తలో చోట. కోటలో ఉన్నది 296 మంది, వాళ్లలో సెంచురియన్ ఒక్కడే. వాళ్లలోనూ 15 మంది జబ్బు పడ్డారు, 6 మందికి గాయాలు, 10 మందికి కళ్లకలక. పనికి నిలబడగలిగింది 265 మంది. 752 మందిలో 265! "ఫలానా కోటలో వెయ్యిమంది సైనికులు" అని ఎక్కడైనా కనిపిస్తే ఈ చెక్కముక్కను గుర్తు చేసుకోండి.

ఇంత సైన్యానికి రోజూ ఎవరు వండిపెట్టేవారు? ఏం తినేవారు?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

విడిగా వంటవాళ్లంటూ లేరు. ఒక డేరాలోని ఎనిమిదిమందే విసురుకుని వండుకునేవారు. ప్రభుత్వం ఇచ్చేది పిండి కాదు, గోధుమలు. పిండి త్వరగా పాడవుతుంది, గింజ నిలవుంటుంది. అందుకే ప్రతి డేరాకూ ఒక తిరగలి ఉండేది. మన అమ్మమ్మల ఇళ్లలో ఉన్నట్టే, కింద ఒక రాయి, పైన తిరిగే రాయి. ఈ తిరగలినీ తోలు డేరానూ ఒక కంచరగాడిద మోసేది.

పాలీబియస్ లెక్కలో కాల్బలపు సైనికుడికి నెలకు అటికా (ఏథెన్స్ ప్రాంతం) ధాన్యపు కొలత మెదిమ్నోస్‌కు మూడింట రెండు వంతుల గోధుమ. మన కొలతలోకి మారిస్తే రోజుకు దాదాపు 850 గ్రాములు. ఎనిమిదిమంది డేరాకు 6.8 కిలోలు, సెంచురీకి 68 కిలోలు, 4,800 మందికి రోజుకు నాలుగు టన్నులకు పైమాటే. పది రోజులకు నలభై టన్నులు. దీన్ని ఓడలో తేవాలి, లేదంటే చుట్టుపక్కల పొలాలనుంచి సేకరించాలి. రోమన్లు వేసవి కోసం ఎందుకు ఎదురుచూసేవారో, సీజర్ తన రచనలో ధాన్యం ప్రస్తావన అన్నిసార్లు ఎందుకు తెస్తాడో ఈ ఒక్క లెక్క చెబుతుంది. పంట పండకముందే యుద్ధానికి దిగితే శత్రువుకన్నా ముందు ఆకలి ఎదురవుతుంది.

విసిరిన పిండితో రొట్టె కాల్చేవారు, లేదా జావ కాచేవారు. తోడుగా ఉప్పు వేసి నిలవచేసిన పంది మాంసం, జున్ను, పప్పుగింజలు. తాగడానికి పోస్కా, అంటే పులిసిన ద్రాక్షసారాను నీళ్లలో కలిపింది. గోధుమ బదులు బార్లీ ఇచ్చారంటే అది శిక్ష. యుద్ధంలో వెన్నుచూపిన దళంలో చీటీ వేసి పదిమందికి ఒకణ్ని చంపినప్పుడు, బతికినవాళ్లకు బార్లీ కొలిచేవారని పాలీబియస్ రాశాడు.

ఇదే ఉత్తరంలో, "రోజుకు ఎంత దూరం నడిచేవారు?" అని కూడా అడిగారు. సైనిక శిక్షణ మీద పుస్తకం రాసిన రోమన్ రచయిత వెగెటియస్ లెక్కలో సైనిక నడకతో ఐదు వేసవి గంటల్లో 20 రోమన్ మైళ్లు, అంటే 29.6 కిలోమీటర్లు. ఇక్కడ చాలామంది ఐదుతో భాగించి గంటకు ఆరు కిలోమీటర్లు అని రాసేస్తారు, అది తప్పు. రోమన్ గంట అంటే పగటివేళలో పన్నెండో వంతు. వేసవి నడిమధ్యలో రోములో పగలు పదిహేను గంటలు దాటుతుంది కాబట్టి వాళ్ల గంట మన 76 నిమిషాలు. ఐదు గంటలంటే మనకు ఆరుగంటల ఇరవై నిమిషాలు. అప్పుడు వేగం గంటకు 4.7 కిలోమీటర్లు. ఆయుధాలు కాక సుమారు 20 కిలోల మూటతో ఆ వేగం సాధ్యమే, గంటకు ఆరు మాత్రం రోజూ సాధ్యం కాదు.

పిలమ్ అనే రోమన్ ఈటె తగలగానే వంగిపోయేలా కావాలని చేశారా? శత్రువు దాన్ని తిరిగి విసరకుండా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, కర్నూలు

సగం నిజం. పిలమ్ దాదాపు రెండు మీటర్ల పొడవు. కింద చెక్క కర్ర, పైన సన్నటి ఇనుప కడ్డీ, ఆ కడ్డీ కొసన చిన్న నాలుగుపలకల మొన. కిటుకంతా ఆ కడ్డీలో ఉంది. మొన డాలుకు చేసిన కన్నం కడ్డీకన్నా వెడల్పు కాబట్టి, కడ్డీ అడ్డులేకుండా లోపలికి జారి డాలు వెనక మనిషిని చేరుతుంది. మామూలు ఈటెకైతే మొన వెనకే లావాటి కర్ర తగిలి ఆగిపోతుంది.

క్రీ.పూ. 58లో హెల్వెటీలు అనే గాల్ తెగతో యుద్ధంలో ఒకే పిలమ్ రెండు డాళ్లను కలిపి కుట్టేసిందనీ, ఇనుము వంగడంతో అవి ఊడిరాలేదనీ, చివరికి వాళ్లు డాళ్లు పారేసి పోరాడారనీ సీజర్ రాశాడు. రోమన్ సేనాని మారియస్ కర్రకూ కడ్డీకీ కలిపే రెండు ఇనుప మేకుల్లో ఒకదాని బదులు చెక్కమేకు పెట్టించాడని, అది విరిగి కర్ర వేలాడిపోయేదని గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పాడు. అంటే ఒక దశలో అలాంటి ప్రయత్నం జరిగింది. అయితే ప్రతి పిలమూ వంగాలన్నది నియమం కాదు. దొరికినవాటిలో నిటారుగా ఉన్నవీ ఉన్నాయి. డాలును పొడిచి దాటడం దాని అసలు పని, వంగడం అదనపు లాభం.

స్కూలు ఎగ్జిబిషన్‌కు రోమన్ డాలు చేయాలనుకుంటున్నాం. థర్మాకోల్‌తో చేస్తే విరిగిపోయింది. చెక్కతో చేసే స్తోమత లేదు. ఎలా చేయాలి?
– ఎనిమిదో తరగతి విద్యార్థులు, ఖమ్మం జిల్లా

థర్మాకోల్ వద్దు. అసలు డాలు ఎలా తయారైందో చూస్తే దారి దొరుకుతుంది. సిరియాలోని డూరా యూరోపస్‌లో దొరికిన మూడో శతాబ్దపు డాలు ఎత్తు 105.5 సెంటీమీటర్లు. పలుచటి చెక్క పట్టీలు మూడు పొరలు, ఒకదానికొకటి అడ్డంగా అతికించారు. మనం ప్లైవుడ్ అనేది అదే. మీకు చెక్క బదులు అట్టపెట్టెలు చాలు.

ఫ్రిజ్ లేదా కూలర్ వచ్చిన పెద్ద అట్టపెట్టె తెచ్చుకోండి. 105 × 70 సెంటీమీటర్ల ముక్కలు రెండు కోయండి. అట్టలోపలి గాడులు డాలు పొడవునా ఉండాలి. అడ్డంగా ఉంటే అట్ట ఒంపు తిరగకుండా మడతపడి విరుగుతుంది. మధ్యపొర కోసం 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పుతో పట్టీలు 21 కోయండి. వీటిలో గాడులు పట్టీ పొడవునా ఉండాలి. అతికించేముందు అప్పడాల కర్రతో గట్టిగా నొక్కి గాడులు చదును చేయండి, లేకపోతే ఇవి వంగవు.

జిగురుకు ఒక గ్లాసు మైదా, ఐదు గ్లాసుల నీళ్లు. కాసిని చన్నీళ్లలో పిండి ఉండలు లేకుండా కలిపి, మరిగే మిగతా నీళ్లలో పోసి జావలా చిక్కబడేదాకా తిప్పండి. పుస్తకాలు బైండు చేసేవాళ్లు ఇందులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు, పురుగు పట్టకుండా. అది విషం. వేయాలనుకుంటే పెద్దవాళ్లే వేయాలి, ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకూడదు.

ఒంపు తేవడానికి 200 లీటర్ల డ్రమ్ము కావాలి. దాని అడ్డుకొలత సుమారు 58 సెంటీమీటర్లు. డ్రమ్మును పడుకోబెట్టి రాళ్లతో కదలకుండా చేసి, మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, మొదటి అట్ట, పట్టీల పొర, రెండో అట్ట వరుసగా జిగురు రాస్తూ పేర్చండి. కొసలు డ్రమ్ము దాటి కొంచెం బయటికి వస్తాయి, ఫరవాలేదు. పాత చీరను చుట్టి బిగించి కట్టండి. తాడుతో కడితే గాట్లు పడతాయి. పూర్తిగా ఆరడానికి ఎండలో మూడు రోజులు. అందరూ తొందరపడేది ఇక్కడే. పైన ఆరినట్టు కనిపించినా మధ్యపొర తడిగానే ఉంటుంది. రెండో రోజే విప్పితే డాలు మళ్లీ చాపలా విచ్చుకుంటుంది. జిగురు మందంగా పూస్తే బూజు పడుతుంది, పలుచగా రెండుసార్లు పూయండి. సరిగ్గా ఆరితే రెండు అంచుల మధ్య దూరం 54 సెంటీమీటర్లకు దగ్గరగా వస్తుంది.

తర్వాత రెండు వైపులా పాత పంచె గుడ్డ అతికించండి. రోమన్లు కూడా చెక్కమీద గుడ్డ, దానిమీద తోలు వేసేవారు. మధ్యలో 13 సెంటీమీటర్ల గుండ్రటి కన్నం కోసి, అంచు వెడల్పుగా ఉన్న స్టీలు గిన్నెను బోర్లించి స్క్రూలతో బిగించండి. గిన్నె నోరు కన్నంకన్నా పెద్దదిగా ఉండాలి, లోపలి లోతు ఆరేడు సెంటీమీటర్లు.

ఇప్పుడు ముఖ్యమైనది పిడి. సినిమాల్లో చూసి చేతికి తోలుపట్టీలు రెండు పెడతారు. రోమన్ డాలుకు పట్టీలు లేవు. వెనకవైపు కన్నానికి అడ్డంగా ఒక్క కర్ర, దాన్ని పిడికిలితో పట్టుకుంటే పిడికిలి గిన్నె గుల్లలో దాక్కుంటుంది. చెయ్యి కిందికి వేలాడినట్టుంటుంది కాబట్టి బరువు మోయడం తేలిక, గిన్నెతో ఎదుటివాణ్ని గుద్దనూ వచ్చు. ఎగ్జిబిషన్‌లో ఎవరైనా అడిగితే ముందు ఇది చూపించండి. మీ డాలు రెండు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఈజిప్టులోని ఫయ్యూం ప్రాంతంలో దొరికిన పాత డాలు నమూనాగా చెక్కతో చేసినవి పది కిలోల దాకా ఉన్నాయని పక్కన రాసిపెట్టండి.

కన్నే యుద్ధంలో చనిపోయిన రోమన్లు 70,000 అని ఒకరు, 48,000 అని ఇంకొకరు రాశారు. ఎలా తేల్చుకోవాలి?
– ఎం.ఏ. విద్యార్థి, తిరుపతి

రెండింటినీ కూడిక తీసివేతలతో పరీక్షించండి. క్రీ.పూ. 216లో కార్తేజ్ సేనాని హానిబాల్ ఎదుట నిలిచిన రోమన్ పక్షం 80,000 కాల్బలం, 6,000కు పైగా గుర్రపు దళం అని పాలీబియస్ అంటాడు. కాల్బలంలో 10,000 మంది బందీలు, 3,000 మంది తప్పించుకున్నారు, సుమారు 70,000 మంది చనిపోయారు అనీ ఆయనే రాశాడు. కలిపితే 83,000. తను చెప్పిన 80,000 దాటిపోయింది. రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన మృతులు 45,500 కాల్బలం, 2,700 రౌతులు, మొత్తం 48,200. వీళ్లకు ఆయనే చెప్పిన బందీలనూ తప్పించుకున్నవాళ్లనూ కలిపితే 86,000కు లోపల, దగ్గరగా నిలుస్తుంది. పైగా బతికి బయటపడ్డవాళ్లతో తర్వాత రెండు లీజియన్లు కట్టి సిసిలీకి పంపారు. మూడు వేలమందితో రెండు లీజియన్లు కట్టడం కుదరదు. లివీ రెండు శతాబ్దాల తర్వాతివాడే అయినా ఈ ఒక్క విషయంలో ఆయన అంకె వైపే మొగ్గుతాం.

మా అబ్బాయి పదో తరగతి. రోమన్ యుద్ధాలే లోకం. లెక్కల పుస్తకంలో కూడా వ్యూహాల బొమ్మలు గీస్తాడు. తిట్టాలో ప్రోత్సహించాలో తెలియడం లేదు. ఈ ఇష్టానికి చదువులో దారి ఉందా?
– ఒక తండ్రి, గుంటూరు

తిట్టకండి. ఆ బొమ్మలకు కొలతలు వేయమనండి. పాలీబియస్ ఆరో సంపుటిలో సైనిక శిబిరం నక్షా అడుగులతో సహా ఉంది. గుడారాలకూ గట్టుకూ మధ్య 200 అడుగుల ఖాళీ ఎందుకో (రాత్రి విసిరే నిప్పుబాణాలు గుడారాలదాకా రాకుండా, దళాలు గుమిగూడకుండా బయటికి వెళ్లేలా) అందులోనే వివరణ ఉంది. గ్రాఫ్ కాగితం మీద దాన్ని గీయడానికి నాలుగు ఆదివారాలు పడుతుంది. లెక్కలూ వస్తాయి.

తర్వాత జోసీఫస్ రాసిన "యూదుల యుద్ధం" మూడో సంపుటి, ఆ పైన సీజర్. చివర్లో వెగెటియస్. ఈ వరుస ఊరికే చెప్పలేదు. పాలీబియస్ క్రీ.పూ. 167లో రోముకు బందీగా వెళ్లి ఆ సైన్యాన్ని దగ్గర్నుంచి చూశాడు. జోసీఫస్ క్రీ.శ. 67లో ఆ సైన్యం చేతిలో ఓడి లొంగిపోయినవాడు. సీజర్ తన గెలుపును తనే రాసుకున్నాడు కాబట్టి శత్రువుల సంఖ్యలు జాగ్రత్తగా చూడాలి. వెగెటియస్ సామ్రాజ్యం చివరి రోజులవాడు, పాత పుస్తకాలనుంచి ఏరి కూర్చాడు. వేర్వేరు శతాబ్దాల సంగతులు ఆయన దగ్గర కలిసిపోతాయి. అందుకే ముందు ఆయన్ను చదివినవాళ్లు తప్పుదారి పడతారు. నోటుబుక్కులో ప్రతి సంగతి పక్కనా ఎవరు చెప్పారు, ఎప్పటివాడు, కళ్లారా చూశాడా అని రాసుకోమనండి.

లాటిన్ మొదలుపెట్టడానికి ఇదే వయసు. తెలుగు పిల్లలకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లు తలపట్టుకునే విభక్తులు మనకు బడిలోనే వచ్చు. మీలెస్ సైనికుడు, మీలితెమ్ సైనికుణ్ని, మీలితిస్ సైనికుడి, మీలితీ సైనికుడికి. వాక్యంలో క్రియ కూడా తరచూ చివరికే వస్తుంది: "మీలెస్ స్కూటుమ్ పోర్టాట్" అంటే మాటకు మాట "సైనికుడు డాలు మోస్తాడు". ఒక్కటే చిక్కు. మనం తృతీయ, పంచమి, సప్తమి అని విడదీసేవి లాటిన్‌లో చాలావరకు ఒకే విభక్తిలో ఇమిడిపోతాయి. రోజూ అరగంట చొప్పున ఏడాది చదివితే సీజర్ వాక్యాలు నిఘంటువు సాయంతో అర్థమవుతాయి.

డిగ్రీలో చరిత్ర తీసుకుంటే, ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాఖ ఉంది. పీజీ తర్వాత గ్రేటర్ నోయిడాలో పురావస్తు సర్వే వారి సంస్థ డిప్లొమా కోర్సు నడుపుతోంది. ఆ దారిలో తవ్వకాల పని నేర్చుకోవచ్చు. రోమ్ మీదే పరిశోధన చేయాలంటే లాటిన్, గ్రీకు రెండూ ఉన్న విదేశీ విశ్వవిద్యాలయమే శరణ్యం. లాటిన్ ఇప్పుడే మొదలుపెట్టమనడం అందుకే.

రోమన్ సైన్యం మన ఆంధ్రదేశానికి వచ్చిందా? మా పక్క ఊళ్లో రోమన్ నాణేలు దొరికాయంటారు.
– పాలిటెక్నిక్ విద్యార్థి, సంగారెడ్డి

సైన్యం రాలేదు, వ్యాపారం వచ్చింది. మీ జిల్లాలోని కొండాపూర్ తవ్వకాల్లో, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో రోమన్ నాణేలు బయటపడ్డాయి. భారతదేశంలో దొరికే రోమన్ వెండి నాణేల్లో అగస్టస్, టైబీరియస్‌లవే ఎక్కువ. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దెనారియస్ అనే వెండి నాణెం బరువూ వెండి శాతమూ తగ్గించాడు. మనవాళ్లు వెండిని తూకంతో చూసేవారు కాబట్టి పాత నాణేలకే విలువ ఇచ్చారు. అగస్టస్ కాలంలో లీజియన్ సైనికుడి ఏడాది జీతం 225 దెనారియస్‌లు. ఇక్కడికి చేరినవీ ఆ దెనారియస్‌లే.

ఒకవైపు ఆకుల దండ పెట్టుకున్న తల, రెండోవైపు ఒక చేత రాజదండం, ఇంకో చేత కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ, చుట్టూ రెండు మాటలుగా విడిపోయిన "పోంటిఫ్ మాక్సిమ్" అనే అక్షరాలు ఉంటే అది టైబీరియస్ దెనారియస్. పొలంలో అలాంటిది కనిపిస్తే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం అధికారులకు తెలపాలి. అప్పటిదాకా చింతపండుతోనో బూడిదతోనో తోమకండి. అక్షరాల అంచులు అరిగిపోతాయి. ఒకచోట ఎక్కువ దొరికితే ఏవి ఏ కుండలో, ఎంత లోతులో ఉన్నాయో ఫొటో తీసిపెట్టండి. కుండ ముక్కలు కూడా పారేయకండి, నాణేలు ఎప్పుడు పాతిపెట్టారో చెప్పేది చాలాసార్లు అవే.